పిడుదులు, ఫ్లీలు: కుక్కకూ పిల్లికీ మాత్రమే కాదు, ఇంటికీ చేయాల్సిన వైద్యం

కుక్క చెవి వెనక చేతికి తగిలిన పిడుదును పీకేసి, స్నానం చేయించి, హమ్మయ్య అనుకుంటారు. పది రోజులు తిరక్కుండా అదే చెవి దగ్గర ఇంకో రెండు. మందు పనిచెయ్యలేదని వేరే మందు తెస్తారు, తర్వాత ఇంకోటి. చాలా ఇళ్లలో తప్పు మందుది కాదు. కంటికి కనిపించేవాటి మీదే యుద్ధం చేసి, కనిపించనివాటిని వదిలేస్తాం. ఫ్లీల (జుట్టులో దాక్కుని రక్తం తాగే, గెంతే చిన్న పురుగుల) గురించి పశువైద్యంలో ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది: ఇంట్లో ఉన్న మొత్తం సంతతిలో జంతువు ఒంటి మీద తిరిగే పెద్ద ఫ్లీలు 5 శాతమే. సగం గుడ్లు, 35 శాతం లార్వాలు, 10 శాతం ప్యూపాలు. ఈ మిగిలిన 95 శాతమూ పరుపుల్లో, సోఫా సందుల్లో, కార్పెట్ అడుగున, నేల పగుళ్లలో ఉంటుంది.

ముందు పట్టిందేమిటో తేల్చుకోండి

పిడుదులనే కొన్నిచోట్ల గోమార్లు అంటారు. ఇవి సాలెపురుగుల కోవవి. పెద్దవాటికి 8 కాళ్లు, అప్పుడే పొదిగినవాటికి 6. ఎగరవు, గెంతవు, పాకుతాయి. రక్తం తాగనిది నువ్వుగింజలా పల్చగా ఉంటుంది, కడుపు నిండిన ఆడది బూడిదరంగు చిక్కుడు గింజలా ఉబ్బుతుంది. ఈ రెండూ ఒకటే పురుగంటే మొదట నమ్మబుద్ధి కాదు.

ఫ్లీ వేరు. రెండు మూడు మిల్లీమీటర్ల గోధుమరంగు పురుగు, రెక్కలుండవు, పక్కల నుంచి నొక్కేసినట్టు పల్చగా ఉంటుంది కాబట్టి వెంట్రుకల మధ్య సర్రున జారిపోతుంది. పట్టుకోబోతే గెంతుతుంది. కుక్కల మీదా పిల్లుల మీదా ఎక్కువగా కనిపించేది ఒకే జాతి, పిల్లి ఫ్లీ. అంటే పిల్లికి పట్టింది కుక్కకు, కుక్కకు పట్టింది పిల్లికి తేలిగ్గా వెళ్తుంది. ఇక వెంట్రుకలకు ఈపుల్లా తెల్లటి గుడ్లు అతుక్కుని ఉంటే అవి పేలు. ఆ కథ వేరు.

ఫ్లీ కంటపడకపోయినా దాని రెట్ట పడుతుంది. తోక మొదలు దగ్గర, నడుం మీద సన్న పళ్ల దువ్వెనతో చర్మానికి తగిలేలా దువ్వి, వచ్చిన నల్లటి రవ్వను తెల్ల కాగితం మీద దులపండి. దాని మీద నాలుగు చుక్కలు నీళ్లు వేసి ఒక నిమిషం ఆగండి. రవ్వ చుట్టూ ఎర్రటి గోధుమరంగు మరక పాకితే అది ఫ్లీ రెట్ట, అంటే జీర్ణమైన రక్తం. రంగు దిగకుండా నల్లగానే ఉండిపోతే మట్టి. పిల్లుల విషయంలో ఈ పరీక్ష ఇంకా ముఖ్యం. అవి రోజంతా ఒళ్లు నాక్కుంటూ ఫ్లీలను మింగేస్తాయి కాబట్టి ఒళ్లు శుభ్రంగానే కనిపిస్తుంది. కానీ పొట్ట దగ్గరో నడుం మీదో జుట్టు పల్చబడుతుంది, మెడ చుట్టూ చిన్న చిన్న పొక్కులు చేతికి తగులుతాయి.

పిడుదుల కోసం కళ్లకంటే వేళ్లను నమ్మండి. జుట్టుకు ఎదురుదిశలో వేళ్ల కొసలతో నెమ్మదిగా తడమాలి. చెవుల లోపలి మడతలు, బెల్టు కింద, కాలివేళ్ల సందులు, చంకలు, తొడల మధ్య, తోక కింద, కనురెప్పల అంచులు, ఈ ఏడు చోట్లా చూస్తే దాదాపు అన్నీ దొరుకుతాయి. గట్టిగా ఏదో తగలగానే లాగకండి. జుట్టు పాయ తీసి కాళ్లు కనిపిస్తున్నాయో లేదో చూడండి. మగ కుక్కలకూ చనుమొనలు ఉంటాయన్న సంగతి మరిచి వాటిని లాగి పుండు చేసినవాళ్లున్నారు.

పిడుదును తీసే పద్ధతి

సన్న మొన ఉన్న పట్టకారు, చేతి తొడుగులు, మూత ఉన్న చిన్న సీసాలో కాస్త స్పిరిట్ దగ్గర పెట్టుకోండి. జుట్టును రెండు పక్కలకూ తీసి, పిడుదు పొట్టను కాదు, చర్మాన్ని ఆనుకుని ఉన్న నోటి భాగాన్ని పట్టుకోవాలి. పట్టకారు చర్మానికి తాకేంత దగ్గరగా పెట్టి, ఒకే ఒత్తిడితో నిటారుగా పైకి లాగండి. కుదపకండి, ఒక్కసారిగా గుంజకండి. చర్మం చిన్న గుడారంలా లేచి, రెండు మూడు క్షణాలకు పట్టు వదిలేస్తుంది. పిడుదులు తీయడానికే చేసిన కొక్కెం వాడితే పద్ధతి మారుతుంది: దాన్ని పిడుదు కిందకు జొనిపి తిప్పుతూ ఎత్తాలి. పట్టకారుతో మాత్రం తిప్పకూడదు, తిప్పితే మధ్యలో తెగుతుంది.

నోటి ముక్క లోపల ఉండిపోతే సూదితో కెలకొద్దు. కొద్ది రోజుల్లో చర్మమే దాన్ని బయటికి తోసేస్తుంది. కెలికితేనే చీము పడుతుంది. కుట్టిన చోట సబ్బునీళ్లతో కడిగి యాంటీసెప్టిక్ రాయండి. పిడుదును గోళ్లతో చిదమకండి, దానిలోని క్రిములు మీ గోటి సందుల్లోకి వస్తాయి. స్పిరిట్‌లో వేసి, తీసిన తేదీ రాసిపెట్టుకోండి. తర్వాత జ్వరం వస్తే ఆ తేదీ డాక్టరుకు బాగా పనికొస్తుంది.

కిరోసిన్, నూనె, వ్యాజిలీన్, అగ్గిపుల్ల, ఇవన్నీ పక్కన పెట్టండి. ఊపిరాడని పిడుదు వెంటనే ఊడదు. బాధపడుతూ లాలాజలాన్ని, కడుపులో ఉన్నదాన్ని కుక్క రక్తంలోకే కక్కే ప్రమాదం ఉంది. పైగా కిరోసిన్ చర్మాన్ని కాలుస్తుంది, నాకితే లోపలికీ పోతుంది.

పది, ఇరవై దాటి ఉంటే ఒక్కొక్కటీ తీస్తూ కూర్చోవద్దు. మందు వేసి చంపి, తర్వాత మిగిలినవి దువ్వడమే మేలు.

ఒంటి మందు: మొదట తూకం, తర్వాత పేరు

మందు మోతాదంతా బరువు మీద నడుస్తుంది, బరువును అంచనా వేయడంలో మాత్రం అందరం పొరపడతాం. కుక్కను ఎత్తుకుని తూకం యంత్రం మీద నిలబడి, తర్వాత ఒంటరిగా నిలబడి, తేడా చూడండి. పెరిగే కూనలకు మందు వేసే ప్రతిసారీ ఇలా తూచాలి.

చుక్కల మందుల్లో బాగా వాడుకలో ఉన్నది ఫిప్రోనిల్. కుక్కలకు 10 కిలోల లోపు 0.67 మి.లీ., 10–20 కిలోలకు 1.34, 20–40కి 2.68, 40–60కి 4.02 మి.లీ. గొట్టాలు వస్తాయి. పిల్లికి 0.5 మి.లీ. భుజాల మధ్య, మెడ వెనక, నాలుకకు అందని చోట జుట్టు పాయ తీసి, తెల్లగా చర్మం కనిపించాక గొట్టం మొన చర్మానికి ఆనించి నొక్కాలి. జుట్టు మీద కారిన మందు చర్మానికి చేరదు. చర్మపు జిడ్డు ద్వారానే ఇది ఒకటి రెండు రోజుల్లో ఒళ్లంతా పాకుతుంది. అందుకే వేయడానికి 48 గంటల ముందు, వేశాక 48 గంటలు స్నానం వద్దు. ముందే షాంపూతో జిడ్డంతా కడిగేసి ఆ సాయంత్రమే చుక్కలు వేయడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు.

అదే ఫిప్రోనిల్ 0.25 శాతం స్ప్రేగా వచ్చినప్పుడు మోతాదు కిలోకు 3 నుంచి 6 మి.లీ., జుట్టు ఎంత పొడుగైతే అంత పై అంకె వైపు. చిన్న సీసా పంపు ఒక నొక్కుకు అర మి.లీ. మాత్రమే ఇస్తుంది. అంటే 10 కిలోల కుక్కకు కనీసం 60 నొక్కులు. చాలామంది పది పన్నెండు నొక్కులు కొట్టి, పైపైన చెయ్యి రాసి, మందు నకిలీదేమో అనుకుంటారు. చేతి తొడుగు వేసుకుని జుట్టును ఎదురుదిశలో లేపుతూ చర్మం తడిసేదాకా కొట్టాలి. ముఖానికి నేరుగా కొట్టకుండా తొడుగు మీద తీసుకుని రాయాలి. ఇందులో ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి పూర్తిగా ఆరేదాకా పొయ్యికీ దీపానికీ దూరంగా ఉంచండి. ఇంట్లో కుందేలు ఉంటే దానికి ఫిప్రోనిల్ ఏ రూపంలోనూ తగలనివ్వొద్దు, ప్రాణం పోతుంది.

నమిలే మాత్రలు ఐసాక్సజోలిన్ కుటుంబానివి: అఫోక్సోలానర్, సారోలానర్, లోటిలానర్ నెలకొకసారి, ఫ్లురలానర్ సుమారు 12 వారాలకొకసారి. స్నానంతో సంబంధం లేదు, ఇంట్లో చిన్నపిల్లలు కుక్కను హత్తుకున్నా చేతికి మందు అంటదు. చెదరని పట్టు కావాలంటే వీటిదే పైచేయి. అయితే మాత్ర వేసుకున్న కుక్క ఒంటి మీద పిడుదు ఎక్కుతుంది, కుట్టాకే చస్తుంది. చచ్చిన పిడుదు అతుక్కుని కనిపిస్తే మందు విఫలమైనట్టు కాదు. ఈ మందులతో కొన్ని జంతువుల్లో వణుకు, తూలడం, మూర్ఛ రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరిక ఇచ్చింది. మూర్ఛ చరిత్ర ఉన్న కుక్కకు డాక్టరుతో మాట్లాడకుండా ఇవ్వకండి.

మెడపట్టీల్లో ఫ్లూమెత్రిన్, ఇమిడాక్లోప్రిడ్ కలిసినది 8 నెలల దాకా పనిచేస్తుంది. పట్టీకీ మెడకూ మధ్య రెండు వేళ్లు పట్టాలి. వదులుగా వేలాడితే చర్మానికి తగలక మందు దిగదు.

అమిట్రాజ్ ద్రావణం పిడుదుల మీద గట్టిగా పనిచేస్తుంది, తప్పులకూ అంతే ఆస్కారం. సీసా గాఢత చూడకుండా మూతతో కొలవడం ప్రమాదం. డాక్టరు 250 పీపీఎం (పది లక్షల వంతుల్లో 250) అని రాస్తే, 12.5 శాతం సీసా నుంచి లీటరు నీళ్లకు 2 మి.లీ., అదే 5 శాతం సీసా అయితే 5 మి.లీ. తొడుగులు వేసుకుని, కళ్లలో పడకుండా స్పాంజితో ఒళ్లంతా తడిపి, కడగకుండా గాలికి ఆరనివ్వాలి. కలిపింది ఆ రోజే వాడేయాలి. చక్కెర జబ్బు ఉన్న కుక్కకు, పిల్లికి, పుండ్లున్న చర్మానికి ఇది వద్దు.

ఫ్లీ షాంపూలు ఆ పూటకే. ఒంటి మీదవి చస్తాయి, సాయంత్రానికి కొత్తవి ఎక్కుతాయి. అయినా బాగా పట్టి ఉన్నప్పుడు తొలి ఉపశమనానికి పనికొస్తాయి. మొదట మెడ చుట్టూ నురగ కట్టండి. ఒళ్లు తడవగానే ఫ్లీలు ముఖం మీదికి, చెవుల్లోకి పరుగెత్తుతాయి, ఆ నురగ వాటికి అడ్డుకట్ట. పది నిమిషాలు నురగ నిలవనిచ్చి కడగాలి.

వెల్లుల్లి తినిపిస్తే పురుగులు రావన్నది మానుకోండి. ఫ్లీలు పోవు, కుక్క ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి, పిల్లికి ఇంకా చేటు. టీ ట్రీ నూనె కూడా పిల్లికి విషమే.

పిల్లి ఉన్న ఇంట్లో ఒక్క మాట: పర్మెత్రిన్

కుక్కల చుక్కల మందుల్లో చాలావాటిలో ఇది ఉంటుంది. కుక్కకు ఇబ్బంది లేదు. పిల్లి కాలేయం మాత్రం దీన్ని విరగ్గొట్టలేదు, కుక్క గొట్టంలో సగం పోసినా చాలు, కొన్ని గంటల్లో వణుకు, మూర్ఛ మొదలవుతాయి. కుక్కకు వేశాక పిల్లి దాన్ని నాకినా, పక్కలో పడుకున్నా ఇదే ముప్పు. పొరపాటు జరిగితే గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు కడిగే లిక్విడ్‌తో కడిగి, తువ్వాలు చుట్టి వెచ్చగా ఉంచి, మందు పెట్టెతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. వేడినీళ్లు వద్దు, మందు ఇంకా వేగంగా లోపలికి పోతుంది. వాంతి చేయించే ప్రయత్నమూ వద్దు.

ఇల్లు

ఇక్కడ ఫ్లీకీ పిడుదుకూ దారులు వేరు.

ఆడ ఫ్లీ రక్తం తాగిన ఒకటి రెండు రోజులకే గుడ్లు పెట్టడం మొదలుపెట్టి, జోరు మీద రోజుకు 40–50 పెడుతుంది. గుడ్లు జిగురుగా ఉండవు, కుక్క లేచి ఒళ్లు దులిపినప్పుడల్లా ఉప్పులా రాలతాయి. కాబట్టి జంతువు ఎక్కడ ఎక్కువసేపు పడుకుంటుందో అక్కడే గుడ్ల కుప్ప. లార్వాలు వెలుతురుకు దూరంగా కిందికి పాకి, రాలిన రెట్టనే తింటాయి. తర్వాత దుమ్ము అంటిన గూడు కట్టుకుని ప్యూపా అవుతాయి. ఈ గూడులోకి ఏ స్ప్రే కూడా సరిగ్గా చొరబడదు. లోపల తయారైన ఫ్లీ నెలల తరబడి ఆగి, అడుగుల అదురు, ఒంటి వేడి, ఊపిరి తగిలితే బయటికి దూకుతుంది. నెల రోజులు తాళం వేసిన ఇంట్లో అడుగుపెట్టగానే కాళ్ల మీదికి ఎగబడేది ఇందుకే.

అందుకని వ్యాక్యూమ్ క్లీనర్‌కు ఇక్కడ రెండు పనులు: గుడ్లను పీలుస్తుంది, దాని అదురుకు గూళ్లలో ఉన్నవి బయటికొచ్చి మందుకు చిక్కుతాయి. మొదటి రెండు వారాలు రోజూ, తర్వాత రోజు విడిచి రోజు వాడండి. సోఫా దిండ్ల కింద, మంచం కింద, గోడ అంచుల వెంట. నింపిన సంచీని వెంటనే మూతికట్టి బయట పారేయాలి. వ్యాక్యూమ్ లేకపోతే సబ్బు కలిపిన వేడినీళ్లతో తుడవండి, పగుళ్లలోకి బ్రష్ పోనివ్వండి. జంతువు పరుపును దులపకుండా నాలుగు కొసలూ లోపలికి మడిచి తీసుకెళ్లి, వారానికొకసారి 60 డిగ్రీల సెల్సియస్ నీళ్లలో ఉతకాలి. మందు కొట్టేటప్పుడు మెథోప్రీన్ లేదా పైరిప్రాక్సిఫెన్ ఉన్నది తీసుకోండి. ఇవి గుడ్లను, లార్వాలను పెద్దవి కానివ్వవు. గది మధ్యలో కాదు, సామాన్ల కిందా అంచుల్లో కొట్టాలి.

పిడుదు గుడ్లు రాలవు. ఇళ్లలో తిష్ట వేసే గోధుమరంగు కుక్క పిడుదులో ఆడది వారం రోజుల పాటు తాగి, కుక్కను వదిలి, గోడ పట్టుకుని పైకి పాకి ఏదో పగుల్లో ఒకే కుప్పగా 4 వేల దాకా గుడ్లు పెట్టి చస్తుంది. ప్రతి దశలోనూ ఒకసారి ఎక్కి తాగడం, దిగి దాక్కోవడం. పెద్దవి ఏమీ తాగకుండా ఏడాదికి పైగా బతకగలవు. కాబట్టి నేల ఎంత తుడిచినా చాలదు. రాత్రి టార్చి పట్టుకుని కుక్క పడుకునే చోటికి దగ్గర్లో గోడలు, తలుపు చట్రాలు, స్విచ్ బోర్డుల పక్కలు, కుక్కగూడు పైకప్పు లోపలి మూలలు చూడండి. కుప్పగా ఉన్న గుడ్లను, పిల్లలను వెడల్పు టేపు అంటించి పీకేయండి. పగుళ్లు పూడ్చండి. మెథోప్రీన్ లాంటివాటికి పిడుదుల మీద పెద్దగా పట్టు లేదు. పగుళ్లలో చాలాకాలం నిలిచే డెల్టామెత్రిన్ లాంటి మందును సీసా చీటీ మీద రాసిన కొలతకే కలిపి కొట్టాలి. పూర్తిగా ఆరేదాకా జంతువుల్నీ పిల్లల్నీ, మరీ ముఖ్యంగా పిల్లినీ, బయట ఉంచండి. ఇంట్లో చేపల తొట్టి ఉంటే గాలి పంపు ఆపి మూత కప్పండి. ఈ మందు చేపలకు చాలా తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం.

పెరడు ఉంటే గడ్డి పొట్టిగా కత్తిరించి, రాలిన ఆకుల కుప్పలు తీసేసి, ఎండ తగలనివ్వండి. ఎండకు ఎండిన నేలలో ఫ్లీ లార్వాలు బతకవు.

మందు వేశాక కూడా ఎందుకు కనిపిస్తాయి

రెండో వారంలో ఫ్లీలు ఉన్నట్టుండి పెరిగినట్టు అనిపిస్తుంది. పాత గూళ్లలోంచి బయటపడుతున్నవి అవి. ఎక్కినవి మందుకు చస్తూనే ఉంటాయి, కొత్తవి వస్తూనే ఉంటాయి. ఇక్కడే చాలామంది విసిగి మందు మారుస్తారు, లేదా ఆపేస్తారు. కనీసం మూడు నెలలు తేదీ తప్పకుండా వేస్తే తప్ప ఈ వరస తెగదు. నెల మందును ఆరు వారాలకు జరిపితే మధ్యలో దొరికిన రెండు వారాల్లో మళ్లీ గుడ్లు మొదలు.

ఇంకో కారణం, ఇంట్లో మూడు జంతువులుంటే గోక్కునే ఒక్కదానికే మందు వేయడం. గోక్కోనిది కూడా ఫ్లీలను మోస్తుంది, దానికి అలర్జీ లేదంతే. ఒకే రోజు అన్నిటికీ వేయాలి, ఏ జంతువు మందు దానికే. పెద్ద కుక్క గొట్టాన్ని కొని రెండు చిన్నవాటికి పంచడం వద్దు.

పరిస్థితి మెరుగవుతోందో లేదో తెలుసుకోవడానికి ఒక చవకైన కొలత ఉంది. రాత్రి గదిలో నేల మీద వెడల్పు పళ్లెంలో నీళ్లు, కొన్ని చుక్కల గిన్నెల సబ్బు వేసి, పైన చిన్న దీపం వెలిగించండి. ఫ్లీలు వెలుగు వైపు గెంతి మునుగుతాయి. పొద్దున లెక్కపెట్టి రాసుకోండి. ఇది నివారణ కాదు, కొలబద్ద మాత్రమే.

కూనలు

ఎనిమిది వారాల లోపు పిల్లలకు చాలా మందులు కుదరవు. ఫిప్రోనిల్ స్ప్రే రెండు రోజుల వయసు నుంచి వాడదగినదిగా చీటీలో ఉంటుంది, అయినా డాక్టరు చెప్పాకే. అప్పటిదాకా సన్న దువ్వెన, సబ్బునీళ్ల గిన్నె, రోజుకు రెండుసార్లు దువ్వి ముంచడం. పిల్లికూన చిగుళ్లు తెల్లబడి, మందకొడిగా ఉంటే ఫ్లీలు రక్తం పీల్చేశాయని అర్థం. అది ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాల్సిన పని.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు

పిడుదు తీసిన ఒకటి నుంచి మూడు వారాల్లో జ్వరం, తిండి మానడం, కుంటడం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం, పొట్ట చర్మం మీద ఎర్రటి చుక్కలు కనిపిస్తే ఎర్లీకియా గురించి, మూత్రం కాఫీ రంగులో వస్తే బెబీసియా గురించి అడగండి. రెండూ పిడుదులు కుట్టడం వల్ల వచ్చే జబ్బులే. రక్తపరీక్షలో తేలుతుంది, తొందరగా పట్టుకుంటే రెండిటికీ మందులున్నాయి. వెనక కాళ్లు తూలుతూ పట్టు తప్పుతుంటే ఒంటి మీద ఇంకా పిడుదు ఉందేమో చూస్తూనే బయలుదేరండి. కొన్ని జాతుల పిడుదుల విషం పక్షవాతం తెస్తుంది.

మలద్వారం దగ్గర బియ్యపు గింజల్లాంటివి కదులుతుంటే అవి బద్దెపురుగు ముక్కలు. ఫ్లీని మింగడం వల్లే అవి చేరాయి. ప్రాజిక్వాంటెల్ వేస్తే పురుగు పోతుంది, ఫ్లీలు ఉండగా వేస్తే కొన్ని వారాలకు మళ్లీ అదే మందు కొనాల్సి వస్తుంది.